ఆ దినం పొయ్యి ఎవరు ముట్టిచ్చిండ్రు?

నిన్న మంచిర్యాల నుంచి వస్తుంటే బస్సులో నా పక్కన కూర్చున్నతను జమ్మికుంట దిక్కు మనిషి. మాటల మధ్య తన ఊరి పేరు చెప్పాడు. ఆ పేరు వినగానే నేను ఆమె గురించి అడిగాను. ముందు అతనికి గుర్తు రాలేదు. మగ్గం నేసేది, బాగా పొడుగు మనిషి, కనబడ్డవాళ్ల అంగీ అంచు పట్టుకొని చూసేది అని ఆనవాళ్లు చెబితే అప్పుడు నవ్వాడు.

"ఓ, గా కోకల పిచ్చామెనా? సచ్చిపోయి ఆర్నెల్లాయె. మీకేమైతది?"

"ఏం కాదు," అన్నాను.

అతను బీడీ వెలిగించి కిటికీ వైపు తిరిగాడు. నేను చెప్పింది నిజమే. ఆమె నాకేమీ కాదు. చుట్టం కాదు, కులం కాదు, ఊరు కాదు. కానీ కరీంనగర్ బస్టాండులో దిగేదాకా నాకు ఊపిరి సరిగా ఆడలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాయవలసిన రోజున రాయవలసిన కాగితం మీద ఆమె పేరు పక్కన నా పేరు రాయలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చొని రాసే హక్కు నాకు లేదనుకుంటాను.

పోలీసు చర్య జరిగిన నాలుగైదేళ్లకు నేను రైల్వే లైను మీది ఒక చిన్న ఊళ్లో తాలూకా కచేరీ గుమాస్తాగా ఉండేవాణ్ణి. కాగితాలన్నీ ఇంకా ఉర్దూలోనే నడిచేవి. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి వరండా స్తంభం పక్కన నేల మీద కూర్చుంది. అక్కడ బల్ల ఉన్నా కూర్చోలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ కూర్చోలేదు. ముగ్గురు గుమాస్తాలు ఆమెను కసిరి పంపించారు. నేను కసరలేదు. దయ వల్ల కాదు, కొత్తవాణ్ణి కాబట్టి ఎలా కసరాలో ఇంకా తెలియదు. ఆమె లేచి వచ్చి ముందు నా అంగీ అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది.

"మిల్లు బట్ట. రెండుసార్లు ఉతికితె ఎలిసిపోతది. ఎందుకు కొన్నవు సారూ?"

ఎవరిని కలిసినా ఆమె పలకరింపు అదే. మొహం చూడకముందు బట్ట చూసేది. నలభై ఏళ్లుంటాయి. ఎముకల మనిషి. గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. ఆమె ఏడవగా నేను చూడలేదు. ఏడ్చి ఉంటే కొందరైనా నమ్మేవాళ్లేమో. మన దగ్గర కన్నీళ్లు కారని ఆడదాని మాటకు విలువ లేదు.

"సచ్చినోళ్ల పేర్లు రాసే బుక్కు మీ దగ్గరుంటదట గద. నా చెల్లె పేరు ఎట్ల రాసిండ్రో చూసి చెప్తవా?"

ఆ చెల్లెలు చిన్నతనంలోనే మగణ్ణి పోగొట్టుకుంది. ముప్పై దాటాక ఒక సంబంధం వచ్చింది. జిన్నింగు మిల్లులో ఫిట్టరు. పత్తి సీజను ఉన్న నాలుగైదు నెలలు ఒక ఊరి మిల్లులో, మరుసటి ఏడాది ఇంకో ఊరి మిల్లులో పని. నేను మీ కులపోణ్ణే అన్నాడు. మావాళ్లంతా రజాకార్ల గడబిడలో పోయారు అన్నాడు. ఆ రోజుల్లో నిజంగా అలా పోగొట్టుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. అందుకని వాణ్ణి ఎవరూ ఆరా తీయలేదు. అడగడమే పాపమనుకున్నారు. ఎవరిదో దుఃఖాన్ని వాడు అంగీలాగా తొడుక్కొని వచ్చాడు. మారుమనువు జరిగిపోయింది. దగ్గరుండి జరిపించింది ఈమే.

"తాగడు, చెయ్యెత్తడు," అని చెప్పింది నాతో. "దాని తల నొస్తున్నదంటె తనే పొయ్యి ముట్టిచ్చి వండి పెట్టేటోడు. నా చెల్లె నసీబు జూడుండ్రి అని వాడకట్టంత నేనే చెప్పుకున్న."

నాలుగు నెలలకు చెల్లెలు వాంతులు, భేదులతో ఒక్క పగట్లో పోయింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది వాడే. పెద్దకర్మ అయిన మర్నాడు చెల్లెలి కడియాలూ కోకలూ మూటగట్టుకొని వెళ్లిపోయాడు.

అంతవరకైతే అది ఒక దొంగ కథ. ఆమెను నిద్రపోనివ్వనిది వేరే. పెళ్లినాడు వాడు పెండ్లికూతురికి తెచ్చిన కోక. చెల్లెలు మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు దాన్ని అక్కడే వదిలి వెళ్లింది.

"మడత విప్పంగనే నా చేతికి తెలిసింది సారూ. అది కొత్తది గాదు. ఎవరో కట్టి, ఉతికి, గంజి పెట్టి మలిచింది. నేసేదాన్ని, నాకు తెల్వదా? కానీ చెప్తె లగ్గం ఆగిపోతదని నోరు మూసుకున్న. దాని పెండ్లి ఎట్లన్న కావాలనుకున్న."

ఈ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు మారలేదు. తన చేయి తాను చూసుకుంది, అంతే.

ఆ కోక కొంగు చివర రెండు నీలం పోగులు వేసి ముగించి ఉంది. ఒక్కొక్క మగ్గానికి ఒక్కొక్క అలవాటు ఉంటుందట. ఆ రెండు నీలం పోగులు ఎవరివో కనుక్కోవడానికి ఆమెకు ఏడాది పట్టింది. సంతలు తిరిగింది, నూలు అమ్మేవాళ్లను అడిగింది. చివరికి గోదావరి దాటి చెన్నూరులో ఒక ముసలి సాలెతను ఆ కోకను చూడగానే తనదేనన్నాడు. ఫలానావాళ్లు బిడ్డ మారుమనువుకు నేయించారు, పాపం ఆ బిడ్డ ఆరు నెలలు తిరక్కుండానే పోయింది అన్నాడు. అల్లుడు ఫిట్టరు. పేరు వేరు. చేతివంట మాత్రం అద్భుతం.

ఆ ఇంటికి వెళ్లి ఆమె మొదటిసారి అడిగిన ప్రశ్న, తర్వాత నా ముందు కూడా అడిగిన ప్రశ్న ఒకటే.

"ఆ దినం పొయ్యి ఎవరు ముట్టిచ్చిండ్రు?"

జవాబు వచ్చేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టేది కాదు. జవాబు ప్రతిసారీ ఒకటే, అల్లుడు.

నేను మా రిజిస్టరు తీశాను. ఆమె చెల్లెలి పేరు పక్కన పటేలు ఉర్దూలో 'హైజా' అని రాశాడు. కలరా అన్నమాట. అవతలి జిల్లా కచేరీలో నాతో చదువుకున్నవాడు ఒకడున్నాడు. ఒక ఆదివారం వెళ్లి అతని చలవతో అక్కడి రిజిస్టరు కూడా చూశాను. చెన్నూరు ఆమె పక్కన కూడా హైజా. రెండూ నేను అనుమతి లేకుండా చేసిన పనులే. వచ్చి చెబితే ఆమె అడిగింది.

"ఆ నెల ఆ ఊర్ల హైజాతోని ఇంకెవరన్న పోయిండ్రా?"

నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. మళ్లీ తీసి చూశాను. ఆమె చెల్లెలి ఊళ్లో ఆ నెలే కాదు, ముందు నెలా తర్వాత నెలా హైజా చావు ఇంకొకటి లేదు. మళ్లీ నది దాటి వెళ్లి చూస్తే అక్కడా అంతే. ఊరిని తుడిచిపెట్టే రోగం రెండు ఊళ్లలోనూ ఒక్క ఇంటికే వచ్చి, ఒక్క మనిషినే తీసుకుపోయింది. నాకు చదువు వచ్చు, ఆమెకు వేలిముద్ర. అయినా మా ఇద్దరిలో రిజిస్టరు చదవగలిగింది ఆమే.

ఆ రోజు నుంచి నన్ను తమ్మీ అని పిలిచింది. నేను అక్కా అన్నాను.

తర్వాతి ఏడాదిన్నర మేమిద్దరం చేసిన పని గురించి ఎవరికీ చెప్పలేదు. సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కేవాళ్లం. జిన్నింగు మిల్లు ఉన్న ప్రతి స్టేషనులో దిగి, మిల్లు గేటు దగ్గర కూలీ ఆడవాళ్లను కదిలించేవాళ్లం. నాకు ఇందులో ఒక ఉత్సాహం ఉండేదని ఒప్పుకోవాలి. గుమాస్తా బతుకులో ఇంత పెద్ద సంగతి ఎక్కడ దొరుకుతుంది? నేను నోటుబుక్కు పట్టుకొని రాసుకునేవాణ్ణి. ఆమె చెట్టు కింద కూర్చొని "మల్ల చదువు" అనేది. చదివితే, ఎవరూ అనని మాట ఒక్కటి నేను కలిపినా పట్టుకునేది.

"ఆమె ఏడ్సిందని రాసినవు. ఆమె ఏడ్వలే. కొట్టెయ్."

బెల్లంపల్లి దగ్గరి పల్లెలో మూడో ఇల్లు దొరికింది. అదే ఫిట్టరు, ఇంకో పేరు. అదే చావు, అవతలి రిజిస్టరులో అదే హైజా. ఆ ఇంటివాళ్లు ఒక కొత్త సంగతి చెప్పారు. వాడు జొన్నరొట్టెను భాకరి అనేవాడట. ఒకసారి మిషనులో వేలు నలిగితే మరాఠీలో తిట్టాడట. అంటే ఆదిలాబాదు పత్తి సీమ మనిషి. ఇద్దరం ఆదిలాబాదు వెళ్లాం. రెండు మిల్లులు తిరిగాక ఒక ముసలి ముస్లిం మేస్త్రి మా మాటలు విని నట్టు బిగిస్తున్న పానా తిప్పడం ఆపాడు.

"చేతివంట మంచిగ చేస్తడా? నవ్వితె మూతి ఒక దిక్కే పోతదా? అరె, గా పోరడు! నా దగ్గర్నే పని నేర్చిండు. వాళ్లమ్మ ఇంక ఉన్నది. బడీ నేక్ ఔరత్, శాన మంచి మనిషి."

ఊరి పేరు చెప్పాడు. వాడి అసలు పేరు చెప్పాడు. ఇన్ని పేర్ల కింద వాడు దాచుకున్న పేరు చాలా మామూలు పేరు. మా ఆఫీసులో ఇద్దరికి ఉంది. ఆ ఊరికి నడిచినంత దూరం ఆమె ఆ పేరును మెల్లగా అనుకుంటూ నడిచింది, మరిచిపోతానేమోనని భయపడ్డట్టు.

ఆ తల్లిని చూడటానికి నేను చాలా కోపంతో వెళ్లాను. ముసలామె వాకిట్లో కందులు చెరుగుతోంది. మీ కొడుకుతో మిల్లులో పని చేసేవాళ్లం అని చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. కాళ్లకు నీళ్లిచ్చింది. వద్దన్నా భాకరి, మిరపకాయ నూరి పెట్టింది. కొడుకును చూసి మూడేళ్లయిందట. కానీ మరిచిపోడట.

"పత్తి అయిపోంగనే ఎవరితోనన్న కోక పంపుతడు. నేను రంగంచు కోకలు కట్టను గద బిడ్డా, నీ బాపు పోయి ఇరవై ఏండ్లాయెరా అని చెప్పి పంపుత. అయినా పంపుతనే ఉంటడు. పిచ్చోడు."

లోపలికి వెళ్లి ఒక మూట తెచ్చి మా ముందు విప్పింది. నాలుగు కోకలు.

నా పక్కన కూర్చున్న ఆమె ముందుకు వంగి ఒక్కొక్కటి చేత్తో తడిమింది. రెండోదాని దగ్గర చెయ్యి ఆగింది. అది ఆమె తన మగ్గం మీద చెల్లెలి కోసం నేసింది. మూడోది బెల్లంపల్లి వాళ్లు చెప్పిన ఆకుపచ్చ కోక, పసుపు అంచు. మిగిలిన రెండు ఎవరివో మాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఏ ఊళ్లో ఏ ఆడమనుషులో, వాళ్ల కోసం ఎవరైనా రైలెక్కారో లేదో.

ముసలామె మా మొహాలు చూడలేదు. కొడుకు గురించి అడుగుతోంది.

"నా కొడుకు పెండ్లి చేసుకున్నడా బిడ్డా?"

"చేసుకున్నడు అవ్వా," అంది ఆమె.

"కోడలు మంచిదేనా?"

"మంచిదే."

"ఒక్కసారి తోలుకరమ్మని చెప్పు. పాణం పోకముందు చూడాల్నని ఉన్నది."

ఆమె తల ఊపింది. రెండో కోక చేతిలోనే ఉంది. నచ్చితే తీసుకుపొమ్మంది ముసలామె, నాకెందుకు ఇవి అంది. ఆమె తీసుకుంది. ఊరు దాటాక తొవ్వ పక్కన కూర్చొని తిన్న రొట్టె అంతా కక్కేసింది. చెప్పి ఉండాల్సింది కదా అక్కా అన్నాను. మూతి తుడుచుకొని, "ఆమె ఏం జేసింది తమ్మీ," అంది.

మేము గెలిచామనే నేననుకున్నాను. అసలు మనిషి ఎవరో తెలిసింది, ఊరు తెలిసింది, కోక చేతిలో ఉంది. అర్జీ నేనే రాశాను, నాలుగు పేజీలు. ఆమె వేలిముద్ర వేసింది. మా ఇవతలి ఠాణాకు తీసుకువెళ్లాం. ఠాణా పెద్ద అమీన్ సాబు చెడ్డవాడు కాదు. మొత్తం చదివించుకొని విన్నాడు.

"కోకలకు పేర్లుంటయా అమ్మా? నువ్వు నేసిన అంటవు, అందరు నేస్తరు. పీనుగులు కాలిపాయె. పటేలు హైజా అని రాసె. ఇందుల రెండు చావులు గోదావరి అవతల. అది జిల్లానే వేరు. నేను అడుగు పెట్టద్దు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఒక్క పని చెయ్యచ్చు. రెండు రిజిస్టర్లు చూసిన, మూడు చావులు ఒక్క తీరుగున్నయి, నాకు అనుమానం ఉన్నది అని సర్కారు నౌకరు ఎవరన్న సంతకం పెట్టి ఇస్తె నేను పైకి పంపుత. పైనుంచి హుకుం వస్తె రెండు జిల్లాలోళ్లు కదులుతరు. లేకుంటె గీ కాగితం గీడనే ఉంటది."

ఆలోచించి చెబుతానన్నాను.

బయటికి వచ్చాక ఆమె ఆగింది. "పెట్టు తమ్మీ. నీకేమైతది?"

నాకేమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు, లేదా తెలుసనుకున్నాను. అనుమతి లేకుండా రెండు కచేరీల రిజిస్టర్లు చూసినట్టు నా చేతులతో నేనే రాసి ఇచ్చినట్టవుతుంది. కొత్త రాష్ట్రం ఏర్పడబోతోంది. ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది ఊడుతుందో తెలియదు. పైకి రాబోయే దొరలు ఎవరో, ఏ భాషలో మాట్లాడతారో తెలియదు. పైగా నాకు పెళ్లి కుదిరింది.

"ఒక్క నెల ఆగు అక్కా. అంత సర్దుకోనియ్."

"నెల అంటె పత్తి ఏరుడు మొదలైతది. మిల్లులు నడుస్తయి," అంది. బతిమాలలేదు. వెళ్లిపోయింది.

నెల రెండు నెలలయింది. ప్రతి శనివారం వచ్చి వరండా స్తంభం దగ్గర కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. నేను తల వంచుకొని లేని పని రాసేవాణ్ణి. గంట కూర్చొని వెళ్లిపోయేది. తర్వాత రావడం మానేసింది. ఒక్కతే మిల్లు మిల్లు తిరుగుతోందని ఎవరో అన్నారు. సరిగా తినక, ఒకే కోక మీద తిరిగి మనిషి గుర్తుపట్టలేనట్టు అయిందట. నాకు ఆ మాట విని జాలి వేసింది. ఆ జాలితోనే సరిపెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం కచేరీకి వచ్చింది. మొదటిసారి స్తంభం దగ్గర ఆగకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. వాడు దొరికాడు. పక్క తాలూకాలో ఒక మిల్లు ఊరు. వాడికి ఇంకో పేరు, ఇంకో భార్య. మగడు పోయిన మనిషే, తల్లి ఒక్కతే ఉంది. కొత్తగా మనువాడింది. ఈమె వెళ్లి ఆ తల్లికి చెప్పబోయింది. ఇంతలో మిల్లు కూత వేసింది, వాడు అన్నానికి ఇంటికి వచ్చాడు. చుట్టూ జనం ఉన్నారు. వాడు పారిపోలేదట. బెదరలేదట. ఆమెను చూసి చేతులు జోడించాడట.

"వదినా, ఇంత దూరం నడిచొచ్చినవా?" అని, జనం వైపు తిరిగి చెప్పాడట. "నా మొదటి భార్య అక్క. చెల్లె పోయిన్నాటి నుంచి మతి తప్పింది. ఏం అనకుండ్రి పాపం." మళ్లీ ఆమెతో, "లోపలికి రా వదినా. తిని పో. నేనే వండిన."

అక్కడున్న ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారట, వాడి మంచితనానికి. ఆమె అరిచింది. అప్పుడు ఆ ఇంటి ముసలామె చీపురు తిరగేసి ఆమెను వాకిలి దాకా కొట్టింది.

ఆమె ఇదంతా నా బల్ల ముందు నిలబడి, ఎప్పటి గొంతుతోనే చెప్పింది. చేతుల మీద గీరలు పడి ఉన్నాయి.

"వాడు ఆమెకు వండి పెడ్తుండు తమ్మీ. నేను కండ్లార చూసిన. ఇయ్యాల్నే పెట్టు."

ఆ గదిలో ఇంకా నలుగురు గుమాస్తాలున్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను గొంతు తగ్గించి, ఈ రోజు పెద్దసారు లేరు, సోమవారం చూద్దాం అన్నాను.

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది.

"సరె సారూ," అంది.

ఆ తర్వాత ఆమె నన్ను తమ్మీ అనలేదు.

సోమవారం నేను సంతకం పెట్టలేదు. ఆ వారమే నా పెళ్లికి సెలవు మీద వెళ్లాను. మూడు వారాల తర్వాత కొత్త బట్టలతో తిరిగి వచ్చేసరికి కచేరీలో ఒక బంట్రోతు చెప్పాడు, మీకోసం వచ్చే ఆమె వచ్చి ఒక మాట చెప్పి పొమ్మంది అని.

"ఏమన్నది?"

"'పోయింది' అని చెప్పమన్నది. గంతే."

ఆ రోజే రాశాను. సంతకం పెట్టాను. కింద నా హోదా కూడా రాశాను. 

ఆ కాగితం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అమీన్ సాబు మాట నిలబెట్టుకున్నాడు, పైకి పంపాడు. అది రెండు జిల్లాల మధ్య తిరిగింది. కొత్తగా వచ్చిన ఆఫీసరుకు ఉర్దూ రాక తర్జుమా కోసం కొన్నాళ్లు ఆగింది. పోలీసులు ఆ తల్లి ఊరికి కూడా వెళ్లారట. ఆమె వాళ్లకూ భాకరి పెట్టి ఉంటుంది. వాడు మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆ తర్వాత ఏ పేరుతో ఏ మిల్లులో చేరాడో, ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. ఇక నా విషయం. అనుమతి లేకుండా రిజిస్టర్లు చూసినందుకు పైనుంచి నాకు ఒక కాగితం వచ్చింది. ఇకముందు ఇలా చేయవద్దని అందులో ఒక్క వాక్యం ఉంది. జీతం తగ్గలేదు, బదిలీ కాలేదు. నేను ఆమెకు నెలల తరబడి చూపించిన భయం మొత్తం ఖరీదు ఆ ఒక్క వాక్యం.

కానీ నిన్న బస్సులో నాకు ఊపిరి ఆడకుండా చేసింది ఇదేదీ కాదు. సంతకం పెట్టిన కొన్ని రోజులకు జరిగిన సంగతి.

అర్జీలో ఆ చివరి భార్య తల్లి వేలిముద్ర కూడా ఉంటే బలంగా ఉంటుందని అమీన్ సాబు అన్నాడు. నేను, ఆమె కలిసి ఆ ఊరు వెళ్లాం. రైలులో ఆమె నా ఎదురుగా నేల మీద కూర్చుంది.  నా అంగీ కొత్తది, పెళ్లిది. దాని వైపు చెయ్యి చాపలేదు.

ముసలామె చల్లారిన పొయ్యి ముందు కూర్చొని ఉంది. ఈమెను చూడగానే గుర్తుపట్టింది. లేవబోయి లేవలేక, కూర్చున్న చోటునుంచే ఈమె రెండు పాదాలూ పట్టుకుంది.

"చీపురుతోని కొడితి గద బిడ్డా నిన్ను. నా బిడ్డ పాణం కాపాడనీకి వస్తె చీపురుతోని కొడితి."

ఈమె వంగి ఆ చేతులు విడిపించింది. పక్కన కూలబడింది. ఆ రోజు పొయ్యి ఎవరు ముట్టించారని అడగలేదు. ముసలామె తనంతట తానే చెప్పింది, బిడ్డకు ఒళ్లు వెచ్చగా ఉంటే అల్లుడే వండాడని, తనకు కూడా పెట్టబోతే ఒక్కపొద్దు ఉండి తినలేదని.

చాలాసేపు ఏడ్చి, తర్వాత ముసలామె ఈమె గడ్డం పట్టుకొని అడిగింది.

"ఒక్కదానివే వస్తివి. ఒంటి మీద సక్కని బట్ట లేకపాయె. పిచ్చిదనుకుంటిమి. చదువుకున్నోడు, సర్కారోడు, ఒక్కడంటె ఒక్కడు నీ ఎంబడి వచ్చి చెప్తె మేం వినకపోదుమా? నా బిడ్డను ఇంట్ల ఉండనిద్దునా? ఇంత పెద్ద జాగల ఒక్కడు దొరకలేదా బిడ్డా నీకు?"

నేను అక్కడే, గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. నా చేతిలో సంతకం పెట్టిన కాగితం ఉంది.

"దొరకలేదవ్వా," అంది ఆమె, నా వైపు చూడకుండా.

ముసలామె అప్పుడు నన్ను చూసింది. ఈ సారు ఎవరని అడగలేదు. కాగితం చూసింది, అంగీ చూసింది, కళ్లు తుడుచుకొని రెండు చేతులూ జోడించింది.

"ఇప్పటికన్న నువ్వు వచ్చినవు సారూ. నీ కడుపు సల్లగుండ."

ఆమె ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. ఆమె ముసలామె భుజం మీది కొంగు సర్దింది. నేను ఆ దండం తీసుకున్నాను.